వాంకూవర్‌లో పోలీస్

సియాటిల్ నుంచి వాంకూవర్ కారులో మూడు గంటలు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉన్నవాడికి మాత్రం ఆ ప్రయాణం కాగితాల దగ్గరే మొదలవుతుంది. కెనడా వీసా ముందే వేయించుకోవాలి. అప్పట్లో పాస్‌పోర్టుకి కుట్టి ఇచ్చే ఐ-94 ప్రవేశ కాగితాన్ని తిరిగొచ్చేదాకా ఎవరి చేతికీ ఇవ్వకుండా కాపాడుకోవాల్సి వచ్చేది. అమెరికా వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయినా 30 రోజుల్లోపు వెనక్కి వస్తే రానిస్తారన్న నిబంధనని ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవాలి. "కచేరీ కోసం ఇంత రిస్కెందుకు బాబూ, సీడీలున్నాయిగా" అన్నారు ఆఫీసులో మనవాళ్ళు. 2007 మే 30, బుధవారం. సగం రోజు సెలవు పెట్టి బయల్దేరాను.

ఎవరెట్ దాటితే ఊళ్ళు పలచబడతాయి. స్కాజిట్ లోయలో చేలు రోడ్డుకి రెండు పక్కలా బల్లపరుపుగా పరుచుకుంటాయి. కుడివైపు మబ్బు తప్పుకుంటే బేకర్ కొండ మీద మే నెలాఖరులోనూ మంచు కనిపిస్తుంది. బ్లెయిన్ దగ్గర సరిహద్దు. పీస్ ఆర్చ్ అనే తెల్లటి కమాను 1921 నుంచీ అక్కడుంది, ఒక కాలు అమెరికాలో, ఒక కాలు కెనడాలో. దాని పక్కనే కార్లు బారులు తీరి ఉన్నాయి. "దేనికి వెళ్తున్నావు?" అంది అధికారిణి. "ది పోలీస్‌ని చూడటానికి" అన్నాను. అలాంటి చోట ఆ మాట ఎలా వినిపిస్తుందో అన్నాక తట్టింది. ఆవిడ నవ్వి ముద్ర వేసింది. ఆ వారంలో ఆ జవాబు చాలామందే చెప్పి ఉంటారు.

ది పోలీస్ అనే బ్యాండ్ అంటే ముగ్గురే. పాడుతూ బేస్ గిటార్ వాయించే స్టింగ్, గిటార్ మీద యాండీ సమ్మర్స్, డ్రమ్స్ మీద స్టూవర్ట్ కోప్లాండ్. 1977లో లండన్‌లో మొదలై, 1983లో ఐదో ఆల్బమ్ 'సింక్రొనిసిటీ'తో శిఖరానికి చేరి, 1984లో టూర్ ముగించి ఎవరి దారిన వాళ్ళు పోయారు. 1986లో మళ్ళీ రికార్డింగ్‌కి కూడితే, మొదలుపెట్టే ముందే కోప్లాండ్ గుర్రం మీంచి పడి మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళ పోట్లాటలు జగద్విదితం. పాటని కోప్లాండ్ ముందుకి లాగుతాడు, స్టింగ్ వెనక్కి పట్టుకుంటాడు. నాకు నచ్చిందల్లా ఆ గుంజులాటే.

అది నాకు మా బాబాయి అంటించిన పిచ్చి. ఆయన బొంబాయిలో బ్యాంకు ఉద్యోగి. 1980 మార్చిలో ఈ ముగ్గురూ అక్కడి రంగ్ భవన్‌లో వాయించారు. కచేరీ ఏర్పాటు చేసింది టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్ అనే మహిళల సేవాసంస్థ. ఎవరో టికెట్ ఇస్తే బాబాయి ఊరికే వెళ్ళాడట. "మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదురా. ఆ డ్రమ్ములతను మాత్రం వెనక ఎవరో తరుముతున్నట్టు వాయించాడు" అనేవాడు. తర్వాత ఆయన కొన్న క్యాసెట్లే నాకు దక్కాయి.

వాంకూవర్‌లో కచేరీ జరిగింది అప్పట్లో జీఎం ప్లేస్ అనే పేరున్న ఐస్ హాకీ స్టేడియంలో. నాది పై అంతస్తు, రెట్టింపు ధరకి చేతులు మారిన టికెట్. అంత పైనుంచి మనుషులు చిటికెన వేలి గోరంత కనిపిస్తే, మిగతాది తెరల మీద చూసుకోవాలి. ముగ్గురూ మళ్ళీ కలిసి చేస్తున్న టూర్ ఆ నెల 28నే మొదలైంది, ఇది రెండో రాత్రి. ముందు స్టింగ్ కొడుకు జో సమ్నర్ బ్యాండ్ ఫిక్షన్ ప్లేన్ వాయించింది. ఆ తర్వాత జేగంట మోగి, 'మెసేజ్ ఇన్ ఎ బాటిల్' మొదలైంది. ఇరవై వేల గొంతులు ఒక్కసారి లేచాయి. నేనూ అరిచాను. ఏదో కాలికీ చేతికీ కుదరనట్టు అనిపించి మళ్ళీ సర్దుకుంది.

ఆ సర్దుకోవడమే నాకు గుచ్చుకుంది. 'డోంట్ స్టాండ్ సో క్లోజ్ టు మీ' నెమ్మదించింది, కింది శ్రుతికి దిగింది. 'రాక్సాన్' మధ్యలో ఆగి, సాగి, చప్పట్లు కొట్టించుకుని ముందుకి కదిలింది. స్టింగ్‌కి 55, కోప్లాండ్‌కి 54, సమ్మర్స్‌కి 64 ఏళ్ళు. పాతికేళ్ళ నాటి గొంతు కావాలని నేనడగను. వయసు మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ, మర్యాదగా వాయిస్తుంటే, నేను వినడానికొచ్చిన జగడం ఎక్కడుంది? 'ర్యాప్‌డ్ అరౌండ్ యువర్ ఫింగర్' ఒక్కటీ కట్టిపడేసింది. కోప్లాండ్ డ్రమ్స్ వదిలి వెనకున్న చిన్న గంటలు, తాళాల మధ్యకి వెళ్ళి, ఒక్కోదాన్నీ ముట్టుకుని వదిలేస్తూ వాయించాడు. అంతమందిలోనూ ఆ సన్నటి లోహపు చప్పుడు పై అంతస్తుదాకా వచ్చింది.

అర్ధరాత్రి దాటాక అమెరికా వైపు అధికారి ఐ-94 తిప్పి చూసి, "షో బాగుందా?" అన్నాడు. "బాగుంది" అన్నాను. గడువు తీరిన వీసా పట్టుకుని ఇంకేమంటాను.

తీరా ఆ రాత్రి గురించి కోప్లాండే రాశాడు, నాకంటే నిర్దాక్షిణ్యంగా. మొదటి పాటలోనే ఒకరికొకరు కుదరక సగం బార్ తేడాతో నడిచారట. స్టింగ్ గెంతబోతే అడుగు సరిగ్గా కుదరలేదట. చివరికి తెర వెనక ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారట. అది చదివాక నా అసంతృప్తి పోలేదు, ఇంకాస్త పెరిగింది. దారి తప్పినప్పుడు కాసేపు వాళ్ళు నిజంగానే ఒకరితో ఒకరు కుస్తీ పట్టారన్నమాట. పై అంతస్తులో నాకు అందింది ఆ తర్వాతి రాజీ.

బాబాయికి ఫోన్లో ఇదంతా చెబితే, "తప్పులు పోతే తిట్టాలి గానీ, తప్పులు చాలలేదని తిట్టేవాణ్ణి నిన్నే చూశానురా" అన్నాడు.

2008 ఆగస్టులో న్యూయార్క్‌లో టూర్ ముగిసింది. బ్యూనస్ ఐరిస్ కచేరీని 'సర్టిఫయబుల్' పేరుతో డిస్కుగా తెచ్చారు. కొన్నాను. అందులో 'మెసేజ్ ఇన్ ఎ బాటిల్' ముగ్గురూ ఒకేచోట మొదలుపెట్టారు, వంక పెట్టడానికి లేదు. ఒకసారి విని బాబాయికి పంపించాను.