పెదనాన్న పైపు

1 ఆగస్టు 2025, శుక్రవారం

తెల్లారీ తెల్లారకముందే సచివాలయం అమ్మాయి పింఛను పట్టుకొచ్చింది. పెదనాన్న వేలిముద్ర ఎప్పటిలాగే పడలేదు. పొగాకు కొట్టీ కొట్టీ గీతలన్నీ అరిగిపోయాయి. ముఖం చూపించి నాలుగు వేలు తీసుకున్నాడు. తీసుకున్నవాడు తీసుకున్నట్టే కొన్ని నోట్లు విడిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు, పైపు మార్పించుకోవడానికి.

మూత్రం ఆగిపోయి పైపు వేసిన దగ్గర్నుంచీ ఇదే వరస. మామూలు రబ్బరు పైపు రెండు మూడు వారాలకోసారి మార్చాలి. ఆలస్యమైతే చీము, చలిజ్వరం. కనిగిరి దాకా ఆటో, అక్కడ ఫీజు, కొత్త పైపు, బ్యాగు. మార్చే పని పావుగంట కూడా పట్టదు. పింఛను గడపలోకి వస్తోంది. పావుగంట పనికి నర్సు మాత్రం రాదు.

6 ఆగస్టు, బుధవారం

104 బండి వచ్చింది. బీపీ, షుగరు మాత్రలు ఇచ్చారు. దీన్ని చులకన చేయను. మా ఊళ్లో ముసలివాళ్లు ఇవాళ బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నారంటే ఈ బండి చలవే. డాక్టరు పెదనాన్నను చూసి, "ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకుంటే పైపు బాధే ఉండదు కదా తాతా" అన్నాడు.

డెబ్భై దాటిన వాళ్లందరికీ ఐదు లక్షల వైద్యం అని 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన కార్డు ఉందిగా, అడిగి చూశాను. ఆధార్‌లో ఉన్న వయసే లెక్క. పెదనాన్న ఆధార్‌లో 1 జనవరి 1958 అని ఉంది. ఊళ్లో సగంమంది ముసలివాళ్లు జనవరి ఒకటినే పుట్టారు! ఒంగోలు జిల్లా ఏర్పడిన 1970లోనే తన పెళ్లయిందంటాడు ఈయన. ఆధార్ ప్రకారం అప్పటికి పన్నెండేళ్ల పెళ్లికొడుకు. పోనీలే, బియ్యం కార్డుంది కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవలో ఎలాగూ చేస్తారు.

12 ఆగస్టు, మంగళవారం

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్షలు బాగానే చేశారు. చివర్లో అడిగారు: "రాత్రిళ్లు ఎవరుంటారు?" రక్తం తేవాలన్నా, స్కానింగ్‌కి స్ట్రెచర్ తోయాలన్నా, సంతకం పెట్టాలన్నా తోడు మనిషి కావాలి. తోడు లేకపోతే చేర్చుకోరు. కొడుకులిద్దరూ బెంగళూరులో బేల్దారి పని. వారం రోజులు వచ్చి కూర్చుంటే కూలీ పోతుంది, మేస్త్రీ వేరేవాళ్లను పెట్టుకుంటాడు. నేనుందామంటే ఇంట్లో అమ్మ మంచం దిగలేదు, పక్క తిప్పేది నేనే. తిరిగి వచ్చేశాం.

దారంతా ఒకటే ఆలోచన. మంచానికీ కత్తికీ మందుకీ సర్కారు డబ్బు కడుతోంది. మంచం పక్కన కూర్చునే మనిషి మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నాడని అనుకుంటోంది. కనిగిరి, పామూరు పక్క ఊళ్లలో ఆ మనిషి ఎప్పుడో వలస వెళ్లిపోయాడు. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు మాత్రం మిగిలారు.

మా ఊళ్లో కంటి ఆపరేషన్లు మాత్రం అందరికీ అయ్యాయి, చిత్రం! ఎందుకంటే శిబిరం వాళ్లు బండి తెచ్చి ఎక్కించుకుంటారు, అన్నం పెడతారు, నల్లద్దాలు తగిలించి మళ్లీ ఊళ్లో దింపుతారు. తోడెవరని ఎవరూ అడగరు. అదే ఊళ్లో చెవులు వినపడనివాళ్లకు ఒక్కరికీ మిషను లేదు.

18 ఆగస్టు, సోమవారం

పంద్రాగస్టు నుంచి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఎదురింటి అత్త పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంది. "ఏమయ్యా అయ్యోరూ, అన్నకి తోడు కావాలంటగా. ఛార్జీ లేదు, నేనొస్తా పద." అత్తకు అరవై ఎనిమిది. పెదనాన్నకేమో వయసు రాయితీ పోగా ముప్పావు టికెట్టు.

ఆసుపత్రిలో ఏమవుతారని అడిగారు. "చెల్లెల్ని" అంది తడుముకోకుండా. వరసకు అబద్ధం కూడా కాదు. మగవాళ్ల వార్డులో రాత్రి ఆడవాళ్లు ఉండకూడదన్నారు. వరండాలో చాప వేసుకుంది. పెదనాన్న సిగ్గుపడి చస్తున్నాడు.

3 సెప్టెంబరు, బుధవారం

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాడు. పైపు తీసేశారు.

అత్తకు గిరాకీ పెరిగింది. నిన్న ఇద్దరు అడిగారట. "పోను, వరండాలో దోమలు" అంటోంది గానీ వెళ్తుంది. ఆమె కాళ్ల వాపు ఎవరూ చూడలేదు, నేనూ ఇవాళే గమనించాను.

పక్క పల్లెలో ఇంకొకాయనకు పైపు ఉంది. గుండె బలహీనం, ఆపరేషన్‌కు పనికిరాడన్నారు. అంటే ఆ పైపు జన్మంతా మార్చాల్సిందే. నువ్వే మార్చొచ్చు కదా అని విలేజ్ క్లినిక్ అమ్మాయిని అడిగాను. బీఎస్సీ నర్సింగ్ చదివింది. "ట్రైనింగ్‌లో ఎన్నో మార్చాం సార్. ఇక్కడ సామాను రాదు, చెయ్యమని ఆర్డరూ లేదు. రేపు ఏదన్నా అయితే నా మీదికొస్తుంది" అంది. ఆ భయాన్ని తప్పు పట్టలేను. మంచాన పడ్డ వృద్ధుల్ని ఇంటికెళ్లి చూడాలని 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలోనే రాసి ఉంది. పదిహేనేళ్లయినా అమ్మ దగ్గరికి ఎవరూ రాలేదు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. రెండే రాశాను. పైపులు, బ్యాగులు విలేజ్ క్లినిక్‌కు పంపి, మార్చమని ఆ అమ్మాయికి రాతపూర్వకంగా చెప్పాలి. తోడు లేని ముసలివాళ్లను చేర్చుకునేప్పుడు ఆసుపత్రే రోజు కూలీ ఇచ్చి ఒక మనిషిని పెట్టాలి. కూలీ ఎంతుండాలో అత్తనడిగి రాయాలి.