మా పేరు పెట్టుకున్న విలన్

మా మొహల్లాలో కుస్తీ రెండు రకాలు. ఒకటి తాలీంఖానాలో మట్టి మీద జరిగేది. రెండోది కేబుల్ టీవీలో వచ్చేది. మొదటిదాంట్లో వీపుకు మట్టి అంటినవాడు ఓడిపోయినట్టు. రెండోదాంట్లో ఎవడి వీపుకు మట్టి అంటాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. వరంగల్ మండీబజార్ పిల్లలం, మాకీ సంగతి మీసాలు రాకముందే తెలుసు. తెలిసీ చూసేవాళ్ళం. డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. ట్రంప్ కార్డులు కొనుక్కొని ఎత్తులు, బరువులు, ఛాతీ కొలతలు పందెం కాసేవాళ్ళం. "అదంతా నాటకంరా" అని ఇంట్లో పెద్దవాళ్ళు కసురుకుంటే "మరి సినిమా నిజమా?" అని ఎదురు చెప్పేవాళ్ళం.

నాటకమే. కానీ ఆ నాటకం రాసేదెవరు? అసలు కుస్తీ అక్కడే ఉంది. గెలుపోటములు రాసేవాణ్ణి వాళ్ళ భాషలో బుకర్ అంటారు. జనం చప్పట్లు కొట్టాల్సినవాడు ఫేస్. తిట్టాల్సినవాడు హీల్. ఎవడు ఫేసో ఎవడు హీలో కండలు తేల్చవు. తెర వెనక గదిలో తేలుతుంది. నా పాత్ర ఎట్లా నడవాలో చెప్పే హక్కు నాకుండాలని పెద్ద పహిల్వాన్లు కాంట్రాక్టులో రాయించుకుంటారు. దాని పేరు క్రియేటివ్ కంట్రోల్. హల్క్ హోగన్ 90లలో డబ్ల్యు.సి.డబ్ల్యు. కంపెనీలో అట్లాంటి హక్కు రాయించుకున్నాడు. తనకిష్టం లేని ఓటమికి ఒప్పుకోనక్కర్లేదు.

ఆ కాగితం విలువ ఎంతో 1997 నవంబర్ 9న మాంట్రియల్‌లో తెలిసింది. ఛాంపియన్ బ్రెట్ హార్ట్ వేరే కంపెనీకి వెళ్ళిపోతున్నాడు. పోయేముందు సొంత దేశం కెనడాలో షాన్ మైకేల్స్ చేతిలో ఓడిపోనన్నాడు. చివరి నెల రోజులు తన కథ మీద తనకు మాట చెల్లుబడి ఉండాలని అతని కాంట్రాక్టులో ఉంది. యజమాని విన్స్ మెక్‌మాన్ సరేనన్నాడు. గొడవలో కుస్తీ ఆగిపోయేట్టు మాట్లాడుకున్నారు. తీరా రింగులో మైకేల్స్ బ్రెట్‌కు బ్రెట్ పట్టే వేశాడు. అతను ఓడిపోయానని ఒప్పుకోకుండానే గంట మోగింది. మోగించమని అరిచింది రింగు పక్కనే నిలబడ్డ మెక్‌మాన్. బ్రెట్ యజమాని ముఖాన ఉమ్మేశాడు. తర్వాత గదిలో గుద్దాడు కూడా. అప్పటికి డబ్బూ, పేరూ, జనమూ అన్నీ ఉన్న తెల్లవాడు అతను. చేతిలో కాగితం ఉన్నవాడి గతే ఇది. కాగితం లేనివాళ్ళ సంగతి చెప్పడానికే ఇదంతా.

ఖోస్రో వజీరి ఇరాన్ నుంచి వచ్చిన నిజమైన మల్లయోధుడు. అమెరికా ఒలింపిక్ కుస్తీ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశాడు. టెహ్రాన్‌లో అమెరికన్లు బందీలైన రోజుల తర్వాత ఆ దేశపు కోపాన్ని అమ్ముకోవడానికి ఒక ఒళ్ళు కావలసి వచ్చింది. ఆ ఒళ్ళు ఐరన్ షేక్‌ది. బోడిగుండు, వంకీ మీసాలు, ముక్కు వంపు తిరిగిన బూట్లు. 1983 డిసెంబర్ 26న బాబ్ బ్యాక్లండ్‌ను ఓడించి బెల్టు తీసుకున్నాడు. నెల తిరక్కుండా 1984 జనవరి 23న హోగన్‌కు అప్పగించాడు. హోగన్‌ను హీరో చెయ్యడానికి వేసిన మెట్టు అది. తనకు శిక్షణ ఇచ్చిన వెర్న్ గాన్యా, హోగన్ కాలు విరగ్గొట్టి బెల్టు తన కంపెనీకి తెస్తే లక్ష డాలర్లిస్తానన్నాడని షేక్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. తాను ఒప్పుకోలేదట. ఆయన మాటే నిజమైతే రింగులో నమ్మకద్రోహి వేషం కట్టినవాడు తెర వెనక ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. ఆ సంగతి మాత్రం కథలోకి రాలేదు.

1991లో గల్ఫ్ యుద్ధం వచ్చింది. అదే వజీరిని ఈసారి ఇరాకీని చేశారు. పేరు కర్నల్ ముస్తఫా! ఇరాక్‌తో ఎనిమిదేళ్ళు యుద్ధం చేసి లక్షల మందిని పోగొట్టుకున్న దేశపు మనిషికి ఇరాక్ సైనిక దుస్తులు తొడిగించారు. ఇరానీ అయితేనేం, ఇరాకీ అయితేనేం, చూసేవాళ్ళకు తేడా తెలియదని రాసేవాడి ధీమా. ఆ ఆగస్టు 26న న్యూయార్క్‌లో హోగన్, అల్టిమేట్ వారియర్ ఒకవైపు, ముస్తఫా ముగ్గురి జట్టు ఒకవైపు. వారియర్ ఆ కుస్తీకి ముందే డబ్బుల కోసం యజమాని పీక మీద కూర్చున్నాడు. యజమాని అప్పటికి ఒప్పుకొని, కుస్తీ కాగానే అతన్ని పక్కన పెట్టాడు. అది వాళ్ళ వాళ్ళ బేరం. ముస్తఫాతో ఎవరూ బేరమాడలేదు.

ఇక ముహమ్మద్ హసన్. 2004 చివర్లో వచ్చాడు. ఇతని దగ్గర మేము ఎక్కువసేపు ఆగాలి.

హసన్ మొదట్లో దేశాన్ని తిట్టలేదు. జెండా కాల్చలేదు. నేను ఇక్కడే పుట్టిన అమెరికన్ని, 2001 సెప్టెంబర్ 11 తర్వాత నన్ను అందరూ దొంగచూపులు చూస్తున్నారు, నాకు దక్కాల్సింది దక్కనివ్వడం లేదు అన్నాడు. అంతే! ఆ మాట మేము నాంపల్లి స్టేషన్లో అన్నాం, కిరాయి ఇంటి గడపల ముందు అన్నాం. అన్నవాడు విలన్. విన్నవాళ్ళు "యు.ఎస్.ఏ." అని అరుస్తున్నారు. అబద్ధం చెప్పించి విలన్ని చేస్తే మాకంత నొప్పి ఉండేది కాదు. నిజం చెప్పించి విలన్ని చేశారు. ఫిర్యాదు చెయ్యడమే నేరమైన పాత్ర అది.

ఇంతకీ హసన్ వేషం కట్టిన మార్క్ కోపానీ అరబ్బూ కాదు, ముస్లిమూ కాదు. ఇటాలియన్ మూలాల కుర్రాడు. పక్కన ఉండే దైవారీ ఇరానీ తల్లిదండ్రుల బిడ్డ. అరబ్ అమెరికన్ గోడు చెప్పుకొనే జంటలో దైవారీ కోపంగా అరిచేది ఫార్సీలో. ఉర్దూ ఇళ్ళల్లో పుట్టిన మాకు రెండు ముక్కలు వినగానే అది అరబీ కాదని తెలిసిపోయింది. రాసేవాళ్ళకు ఆ తేడా అక్కర్లేదు.

2005 జనవరిలో రాయల్ రంబుల్‌లో హసన్ రింగులోకి రాగానే అప్పటిదాకా ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నవాళ్ళంతా ఏకమై అతన్ని ఎత్తి బయట పారేశారు. ఏప్రిల్‌లో రెసిల్‌మేనియాలో దుమ్ము దులపడానికి ఎవరొచ్చారనుకున్నారు? హోగనే. ఇరవై ఒక్కేళ్ళ తర్వాత మళ్ళీ అదే హోగన్, అదే చప్పట్లు.

జులై 4న ఒక ఎపిసోడ్ తీశారు. హసన్ మోకాళ్ళ మీద కూర్చొని ప్రార్థన చేస్తాడు. ముసుగులు వేసుకున్న మనుషులు వచ్చి అండర్‌టేకర్ గొంతుకు తీగ బిగిస్తారు. పడిపోయిన దైవారీని చేతుల మీద మోసుకుపోతారు. అండర్‌టేకర్ మా చిన్ననాటి ఆరాధ్య వీరుడు, మా కార్డుల కట్టలో అందరికీ కావలసినవాడు. వాణ్ణి మా ప్రవక్త పేరు పెట్టుకున్నవాడి మనుషులు పీక నులుముతుంటే మేము ఎవరి పక్షాన అరవాలి? అది ప్రసారమైన జులై 7నే లండన్‌లో బాంబులు పేలి 52 మంది ప్రయాణికులు చనిపోయారు. టీవీ నెట్‌వర్క్ హసన్ మా తెర మీద కనపడకూడదంది. జులై 24న అండర్‌టేకర్ అతన్ని వేదికలోంచి కిందికి విసిరేశాడు. పాత్ర అయిపోయింది. సెప్టెంబర్‌లో కోపానీ ఉద్యోగమూ పోయింది. రాసినవాళ్ళ ఉద్యోగాలు పోయాయని మేము ఎక్కడా చదవలేదు.

అప్పటికి మాలో కొందరం బి.ఏ.లు చదివి హైదరాబాద్ పత్రికల్లో చేరి ఉన్నాం. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చని తీసుకున్నారు. రంజాన్ వస్తే హలీం, మొహర్రం వస్తే పీర్లు, పేలుడు జరిగితే పాతబస్తీ. బడ్జెట్ మీద రాస్తామంటే "మీకెందుకు భాయ్" అని నవ్వేవాళ్ళు. 2007 మే 18న జుమ్మా రోజు మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది నమాజుకు వచ్చినవాళ్ళు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. మేము "అనుమానితులు" అని రాసి పంపితే డెస్కు దాటేసరికి "ఉగ్రవాదులు" అయ్యింది. పైన బైలైన్ మాత్రం మాదే. అడిగితే "స్పేస్ సరిపోలేదు" అన్నారు. "అనుమానితులు" కంటే "ఉగ్రవాదులు" ఒక్క అక్షరమే కదా పొట్టి! మా పేరుతో అచ్చయిన ఆ వార్త పట్టుకొని మొహల్లాకు పోతే చాయ్ హోటల్లో సలాముకు జవాబివ్వనివాళ్ళున్నారు. కోపానీకి ఆ బాధ లేదు. వేషం తీసేస్తే అతను మార్క్. మేము బైలైన్ చెరిపేసుకున్నా మా పేరు మాతోనే ఇంటికొస్తుంది.

నిజంగానే ముస్లిం అయినవాడు ఒకడొచ్చాడు, ముస్తఫా అలీ. అసలు పేరు అదీల్ ఆలం. తండ్రి పాకిస్తానీ, తల్లి భారతీయురాలు. షికాగో దగ్గర పోలీసుగా చేసినవాడు. ముస్లిం పేరుతోనే మంచివాడిగా నిలబడాలని పట్టుబట్టాడు. 2022 జనవరిలో, నేను చెప్పదలచుకున్నది ఇక్కడ చెప్పలేనని, నన్ను వదిలెయ్యమని బహిరంగంగా అడిగాడు. కంపెనీ వదల్లేదు. కాంట్రాక్టు ఉందిగా! కాగితం ఈసారి యజమానికి బాగానే పనిచేసింది.

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి స్టేడియంలో వాళ్ళ షో పెట్టారు. సిరియా మూలాల సామీ జైన్ వచ్చాడు. 2018లో సౌదీతో ఒప్పందం కుదిరాక అక్కడ జరిగిన పెద్ద షోలలో 2023 మే వరకు కనపడనివాడు. గచ్చిబౌలిలో జనం ఇతని పాటకు గొంతు కలిపారు. మా పిల్లల్లో ఒకడు "అబ్బా, ఇతను ముస్లిమా? మరి మంచోడేనా?" అని అడిగాడు. పక్క సీట్లవాళ్ళు తిరిగి చూశారు. మేము అవునన్నాం, కొంచెం గట్టిగానే అన్నాం.

13 రోజుల తర్వాత కంపెనీ ముస్తఫా అలీని తీసేసింది. నెలాఖరుకు అతనికి ఒక టైటిల్ కుస్తీ ప్రకటించి ఉన్నారు. ఆ స్థానంలో ఇంకొకరి పేరు రాసుకున్నారు.