బిడ్డకు విరేచనాలు, తల్లికి తిట్లు

పిల్లాడికి జబ్బు చేస్తే తల్లినే ఎందుకు తిడతారో నాకిప్పటికీ మింగుడుపడదు. గుంటూరులో పిల్లల వైద్యం చేస్తూ ఈ తిట్లు వినని వారం లేదు. "పని పని అని తిరిగితే ఇట్టాగే అవుద్ది డాక్టరుగారూ" అని అత్తగారంటుంది. కోడలు తల వంచుకుంటుంది.

ఆ కోడలు మిరపకాయల తొడిమలు తీసే కూలీ. కాన్పయిన మూడో నెలకే పనికెళ్లింది. ఆ ఘాటులోకి పసివాణ్ని తీసుకెళ్లలేక ఎనిమిదేళ్ల కూతురికి అప్పగించింది. ఆ పిల్ల బడి మాని, తమ్ముడికి సీసాతో నీళ్లపాలు పట్టింది. సరిగ్గా కడగని పాలపీకలో క్రిములు చేరితే విరేచనాలు కాక ఏమవుతాయి? ఏడు నెలల బిడ్డకు కళ్లు లోతుకు పోయి, మాడు గుంటపడింది. ఓఆర్ఎస్, పద్నాలుగు రోజులు జింకు, సీసా బయట పారెయ్యడం, వైద్యం అంతే. "తల్లిపాలు మానొద్దమ్మా" అన్నాను. "ఇంట్లో కూర్చుంటే కూలెవరిస్తారండీ?" అంది. దానికి నా దగ్గర మందు లేదు.

బిడ్డను అంగన్‌వాడీలో వదులుదామంటే అక్కడ బడి మూడేళ్లు నిండాకే. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద ఆరు నెలల బిడ్డ నుంచీ పగలంతా చూసుకునే కేంద్రాలు పెట్టవచ్చు. అలాంటిది తను పనిచేసే కోల్డు స్టోరేజీ పక్కనే ఉంటే, కనీసం ఆరో నెల నిండాకైనా ఆమె మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్లేది, కూతురు బడిలో ఉండేది.

నెలజీతం వాళ్ల కథా వేరు కాదు. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26కు పెంచారు, 50 మంది పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలన్నారు. మంచిదే. కానీ ఈఎస్ఐ వర్తించనిచోట ఆ సెలవు జీతమంతా యజమానే భరించాలి. ప్రైవేటు ఉద్యోగంలోని తండ్రికి చట్టం ఒక్కరోజూ ఇవ్వలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజులు. ఆడమనిషిని పెట్టుకుంటేనే ఖర్చు అన్న లెక్క అలా తయారైంది. నా దగ్గరికొచ్చే ఒక ఇంజినీరమ్మ బాబు దగ్గు తగ్గట్లేదని ఉద్యోగం మానేసింది. భర్త జీతం ఆమెకంటే తక్కువ. ఎవరు మానాలన్న మాటే ఆ ఇంట్లో రాలేదట!

తండ్రులు ఆసుపత్రిదాకా వస్తారు, బయట బండి దగ్గరే ఆగిపోతారు. "నాకేం తెలుసండీ, ఆళ్లమ్మే చూసుకుద్ది" అంటారు. ఇప్పుడు వాళ్లనే లోపలికి పిలిపిస్తున్నాను. చేతులు కడిగించి, లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ పొట్లం కలిపించి, చెంచాతో వాళ్లచేతే పట్టిస్తున్నాను. సిగ్గుపడుతూనే చక్కగా నేర్చుకుంటారు. నేర్చుకున్నవాడికి బిడ్డ దగ్గర ఉండే సెలవు కావాలి. కూలివాడైతే ఆ రోజు కూలి చేతికి రావాలి.