కోణం ఎక్కడ తప్పుతున్నది?

మా గూడేల నుంచి పాశమైలారం పోయిన పిల్లలు ఏం చేస్తున్నారని అడిగితే ఊళ్లో ఒకటే జవాబు వస్తుంది: "కంపెనీల చేస్తున్నరు." అక్కడ ఏ పని, ఎట్లాంటి పని అని ఎవరూ అడగరు. మేము ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో లెక్కలు చెప్పేవాళ్లం. మేము చెప్పిన లెక్క వాళ్లకు అక్కడ ఎందుకైనా పనికొస్తున్నదా అని తెలుసుకోవాలని మాకుంటుంది. ఎండాకాలం సెలవుల్లో వెళ్లినప్పుడు మేము చూసిన పని ఒకటి ఇక్కడ రాస్తున్నాం.

మా పూర్వ విద్యార్థులు ఇద్దరు అక్కడే ఉంటున్నారు. ఒకడు కిస్తీల మీద కారు కొని షిఫ్టులకు ఉద్యోగులను చేరవేస్తాడు. ఇంకొకడు ఒక మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. డ్రైవర్ కారులో పసుపు లైటు వెలిగింది, కారు బొమ్మ కింద రెండు వంకర గీతలుండే లైటు. ఒక షాపులో స్టీరింగ్ సెన్సర్‌ను సున్నకు సరిచేసి పంపారు. రెండు రోజులకు లైటు మళ్లీ వచ్చింది. అట్లా మూడుసార్లు డబ్బు కట్టాడు. నాలుగోసారి స్టీరింగ్ మొత్తం విప్పి మార్చాలన్నారు. ఆ ఖర్చు ఒక నెల కిస్తీ కన్నా ఎక్కువ. లైటు వెలిగే బండిని షిఫ్టుకు పెట్టుకోమని కాంట్రాక్టరు చెప్పేశాడు. బండి ఆగితే కిస్తీ ఆగదు కదా.

ఆ సెన్సర్ చేసే పని కొంచెం చెప్పాలి. బండి తడి రోడ్డు మీద జారినప్పుడు ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో తనంతట తాను చూసుకునే ఏర్పాటు ఇప్పటి కార్లలో ఉంటుంది. దీన్ని ఈఎస్‌సి అంటారు. 1995లో జర్మనీలో బాష్, మెర్సిడెస్ బెంజ్ దీన్ని మొదట కారులో పెట్టాయి. డ్రైవర్ బండిని ఎటు తిప్పాలనుకుంటున్నాడో, బండి నిజంగా ఎటు పోతున్నదో అది పోల్చి చూస్తుంది. మొదటి సంగతి చెప్పేదే స్టీరింగ్ కోణం కొలిచే సెన్సర్. అది స్టీరింగ్ చక్రం వెనక, కడ్డీ చుట్టూ ఉంటుంది. అది చెప్పే లెక్క నమ్మదగ్గది కాదని తోస్తే ఏర్పాటు మొత్తం పక్కకు తప్పుకుని లైటు వెలిగిస్తుంది. బండి నడుస్తుంది. కానీ వానలో ముంబయి హైవే మీద లారీల మధ్య జారితే కాపాడేది ఉండదు.

షెడ్డులో మా పిల్లవాడు ముందు స్కానర్ పెట్టలేదు. "లైటు ఎప్పుడొస్తదన్నా?" అని అడిగాడు. డ్రైవర్ ఆలోచించి, "ఇస్నాపూర్ కాడ యూటర్న్ తీసుకున్నంక వస్తది తమ్మీ" అన్నాడు. పిల్లవాడు ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాడు. స్కానర్ తెరమీద వచ్చే ఇంగ్లిషు మాటల పక్కన గోండిలో అర్థం రాసుకున్న పుస్తకం అది. రాసింది తెలుగు లిపిలో.

తర్వాత స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో స్కానర్ గుచ్చాడు. సి0051 అనే కోడ్ వచ్చింది. "సార్, దీని అర్థం సెన్సర్ పాడైందని కాదు. స్టీరింగ్ కోణం కొలిచే దారిలో ఏదో తేడా ఉందని" అన్నాడు. అందుకని దారంతా చూశాడు. బ్యాటరీ 12.6 వోల్టులుంది, ఇంజన్ నడిస్తే 14 దాటింది. కరెంటు తక్కువైతే మంచి సెన్సర్లు కూడా తప్పు చెప్తాయట. నాలుగు టైర్లలో గాలి, చక్రాల అలైన్‌మెంట్, ఫ్యూజు సరిగ్గానే ఉన్నాయి. బ్యాటరీ తీసేసి, సమాచారం మోసే రెండు తీగల మధ్య మీటరు పెట్టాడు. ఉండవలసిన 60 ఓములే చూపించింది.

ఆఖరుకు ఇంజన్ నడిపించి, తెరమీద అంకెలు చూస్తూ స్టీరింగ్‌ను మెల్లగా తిప్పాడు. నేరుగా ఉన్నప్పుడు దాదాపు సున్న. ఎడమకు తిప్పితే అంకె వరుసగా పెరిగి 500 దాటింది. కుడికి తిప్పితే ఆ కారులో రుణ సంఖ్యలు వస్తాయి: −118, −121, ఒక్కసారిగా −290, మళ్లీ −127. నాలుగుసార్లు తిప్పినా అక్కడే గెంతింది. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని తీగలను ఊపితే అంకె మారలేదు. అంటే తప్పు తీగలది కాదు, సెన్సర్ లోపలిదే. నేరుగా పోయేటప్పుడు అది సరిగ్గానే చెప్తుంది. సున్న చేసినప్పుడల్లా లైటు ఆరింది అందుకే. యూటర్న్‌లో స్టీరింగ్ కుడికి బాగా తిరిగి, చెడిన చోటు తగలగానే లైటు వచ్చేది.

చక్రంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీగ తీసి, కొంతసేపు ఆగి, పెద్ద మెకానిక్ చేత్తోనే విప్పించారు. కొత్త సెన్సర్ వేసి, సున్న చేసి, మళ్లీ అటూ ఇటూ తిప్పి చూశారు. ఎక్కడా గెంతలేదు. ఆ రాత్రి షిఫ్టుకు బండి పోయింది. మార్చింది ఒక్క సెన్సరే, స్టీరింగ్ మొత్తం కాదు.

ఆ పిల్లవాడు వాడిన లెక్క ఏడో తరగతిలోది. సంఖ్యారేఖ మీద −118 తర్వాత −121 రావచ్చు, −290 రాకూడదు. అది అర్థమైనవాడికి స్కానర్ ఒక పనిముట్టు, అర్థం కానివాడికి లైటు ఆర్పే బటన్ మాత్రమే. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, యంత్రం చూపించే మాట మీకు తెలిసిన మాటలో రాసుకోండి. గోండి, కొలామీ, కోయ, ఏదైనా సరే. మార్లవాయిలో 1940లలోనే గోండిలో మొదటి పాఠాలు చెప్పిన బడి నడిచింది. మన భాష చదువుకు అడ్డం కాదని అప్పుడే తేలింది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 402 నుంచి 178 తీసేయమంటే తప్పే పిల్లవాడికి ఎక్కాలన్నీ మొదటి నుంచి వల్లె వేయిస్తే, అది మూడుసార్లు సున్న చేయడం లాంటిదే. రెండు రోజులకు తప్పు మళ్లీ వస్తుంది. వాడిచేత మెల్లగా, బయటికి చెప్తూ లెక్క చేయించండి. పదుల స్థానంలో సున్న ఉన్నచోట మాత్రమే తడబడుతున్నాడేమో చూడండి. అప్పుడు చెప్పవలసింది ఆ ఒక్క మెట్టే. అట్లా చూడకుండా "వీడికి లెక్కలు రావు" అనడమంటే, ఒక్క సెన్సర్ కోసం స్టీరింగ్ మొత్తం విప్పమనడమే.