ప్రజ్ఞాన్ చెప్పలేనిది

నా తప్పొకటి మీతో చెప్పుకొనవలెను. 2023 ఆగస్టు 23న, శ్రీహరికోటనుండి వెళ్లిన చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన సాయంకాలము, కవాడిగూడలోని మా మేడమీదికి మనుమరాలిని తీసికొనిపోతిని. పైన అర్ధచంద్రుడు. ఆరు చక్రముల ప్రజ్ఞాన్ ఇంకను బయటికి రాకమునుపే, "అక్కడ నీళ్లు దొరికినట్లే" అంటిని. ఆ బిడ్డ మరునాడు బడిలో దొరికినవనియే చెప్పివచ్చెను!

దొరికినది గంధకము. 26 కిలోల ఆ బండి లేసరు కిరణముతో మట్టిని క్షణకాలము మండించి, వెలువడిన వెలుగునుబట్టి అందలి మూలకములను గుర్తించును. ఈ సాక్ష్యము గట్టిది. అయితే ఆ గంధకము అగ్నిపర్వతమునుండి వచ్చెనో, ఉల్కలతో పడెనో చెప్పలేదు. రాతి వయస్సును చెప్పలేదు. అందుకు రాయి మన ప్రయోగశాలకు రావలెను. మంచు ఉండునని తలచు ధ్రువపు చీకటి గోతులకు అది పోనేలేదు. నడిచినది సుమారు 100 మీటర్లే. మా సందు దాటకయే హైదరాబాదునంతటిని వర్ణించినట్లు!

అయినను దానిని చులకన చేయకుడి. అది 23 చోట్ల పరీక్షించిన మట్టి దాదాపు ఒకే తీరుగా నుండెనని 2024లో ప్రకటించిరి. చంద్రుడొకప్పుడు కరిగిన రాతి సముద్రమను తలంపునకు అది బలమిచ్చెను.

2023 సెప్టెంబరు 2న, చంద్రునిపై రాత్రి రానుండగా, ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చిరి. ఆ రాత్రియే బిడ్డను కూర్చుండబెట్టి, "నేను తొందరపడితినమ్మా, నీళ్లు కావు, గంధకము" అంటిని.

"మరి బడిలో ఎవరు చెప్తారు తాతయ్యా?" అనెను.

సోమవారము నేనే వెళ్లితిని.