మావాడి బండి... నా చీటీ డబ్బు!

మీ ఇంట్లో చదువు పూర్తయి కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి ఉన్నాడా? అయితే ఈపాటికి మీ చెవిలో కూడా ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉంటాడు... "అమ్మా, బండి!" అని. మా వాడూ అంతే. గుంటూరు నుంచి మంగళగిరి పోవాలి, రావాలి. పొద్దున బస్సు దొరుకుతుంది గానీ రాత్రి పదింటికి షిఫ్టు దిగాక దొరకదు. షేర్ ఆటోల్లో వేలాడుతూ ఇల్లు చేరేసరికి పదకొండున్నర. వాడు వచ్చేదాకా నేను అన్నం గిన్నె ముందు జపం!

మా వారేమో బండి మాటెత్తితే చాలు, లేచి పెరట్లోకి వెళ్లిపోతారు. దానికో కారణం ఉంది లెండి. 2009లో మా మరిది రాత్రిపూట వానలో వస్తూ పడ్డాడు. అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి గట్టిగా బ్రేకు పట్టాడు, ముందు చక్రం బిగుసుకుపోయి జర్రున జారింది. ప్రాణం దక్కింది, కుడి మోకాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా మడవలేడు. "కొంటే నువ్వే కొనిపెట్టుకో, నన్ను అడక్కండి" అనేశారు మా వారు. సరే, నేనే కొంటానన్నాను. చీటీ పాడిన డబ్బు 70 వేలు నా దగ్గరుంది. వంటింటి గట్టుకి గ్రానైట్ వేయించుకుందామని రెండేళ్లు కట్టిన చీటీ అది.

కొత్త బండి లక్ష దాటుతుంది. అప్పు చెయ్యడం నాకిష్టం లేదు. కాబట్టి సెకండ్ హ్యాండే. అయితే మావాడికి నేనొక షరతు పెట్టాను... 70 వేలంటే బండి ధర కాదు నాయనా, హెల్మెట్, ఇన్సూరెన్సు, పేరు మార్పు, టైర్లు, అన్నీ కలిపి 70. బండికి 60 దాటి ఒక్క రూపాయి ఇవ్వను. ఈ లెక్క మీరు కూడా ముందే గట్టిగా చెప్పెయ్యండి. లేకపోతే ఉన్న డబ్బంతా బండికే పోసి, "హెల్మెట్ వచ్చే నెల కొనుక్కుంటాలే" అంటారు పిల్లలు.

ఇంతకీ ఏ బండి కావాల్రా అంటే, "నేకెడ్ బైక్ అమ్మా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. అదేం పేరు, సిగ్గులేకుండా! అసలు సంగతేమిటంటే, కొన్ని బళ్లకు ముందూ పక్కలా ఇంజన్ కనబడకుండా ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి, రేసు బళ్ల మాదిరి. అవి లేకుండా ఇంజనూ గొట్టాలూ బయటికి కనబడే బండిని నేకెడ్ అంటారట. హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉంటుంది, వంగి పడుకుని నడపక్కర్లేదు. పల్సర్, అపాచీ, ఎఫ్‌జెడ్, జిక్సర్, డ్యూక్... ఇవన్నీ ఆ కోవలోవే. ఆలోచిస్తే మన బోటి ఇళ్లకు ఇదే నయం. తొడుగుల బండి ఒక్కసారి పక్కకు పడితే ఆ ప్లాస్టిక్ ముక్కలకే వేలు పోస్తారు. పైగా సెకండ్ హ్యాండ్ బేరంలో అన్నీ కళ్లెదుటే ఉంటాయి. ఆయిలు కారినా, తుప్పు పట్టినా, దెబ్బ తగిలినా దాచడం అంత తేలిక కాదు.

మావాడి కన్ను మొదట డ్యూక్ 200 మీద పడింది. పదేళ్ల నాటి బండి, 70 వేలకే వస్తోందన్నాడు. మా వీధి చివర మెకానిక్‌ని అడిగితే ఆయన ఒక్కటే మాటన్నాడు, "అక్కా, కొనడం తేలికే, మేపడం కష్టం." ఆ బండి సామాన్ల ధర విన్నాక మావాడే దిగొచ్చాడు. మేం పెట్టుకున్న నియమం 150 సీసీ దగ్గర ఆగడం. ఇందులో ఇంకో కిటుకు కూడా ఉంది. 2022లో సవరించిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 150 సీసీ దాకా ఏడాదికి 714 రూపాయలు, అది దాటితే 350 సీసీ దాకా 1,366. పన్ను అదనం. పది సీసీ ఎక్కువైతే ప్రతి ఏడూ దాదాపు రెట్టింపు కట్టాలన్నమాట!

మా మరిది సంగతి చెప్పాను కదా. అందుకే నేను పట్టుబట్టింది ఏబీఎస్ గురించి. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా, వదిలి పట్టి వదిలి పట్టి ఆపే ఏర్పాటు అది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ తప్పనిసరి చేశారు. కాబట్టి పాత బండి వెతికేటప్పుడు ఆ తేదీకి ఇటువైపుది చూసుకోండి. ఐదు వేలు తక్కువకు 2017 బండి వస్తోందని మావాడు గునిశాడు గానీ నేను వినలేదు. ఏబీఎస్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం ఎలాగంటే... తాళం తిప్పగానే మీటర్లో ఆ పేరుతో చిన్న దీపం వెలగాలి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగనే లేదనుకోండి, అది ఇంకా అనుమానం. లోపం బయట పడకుండా ఆ దీపాన్నే పీకేసి ఉండొచ్చు.

ఇక బండి చూడ్డానికి వెళ్లడం. చేపలు కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడమా? వంకాయ తొడిమ తిప్పి చూడమా? ఇదీ అంతే. ఫోన్లో ఫొటో చూసి అడ్వాన్సు పంపమంటే పంపకండి. వెళ్లేది పొద్దున పూట, అదీ వెలుతురులో. వెళ్లే ముందే, "మేం వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దండీ" అని చెప్పండి. చల్లటి ఇంజను ఒక్క నొక్కుకు అందుకుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక అమ్మకం షాపులో మేం వెళ్లేసరికే ఇంజను దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతోంది. "ఇప్పుడే కడిగి ఆరబెట్టామండీ" అన్నాడు అక్కడి కుర్రాడు. కడిగితే చల్లబడాలి గానీ వేడెక్కుతుందా! మారుమాట్లాడకుండా వచ్చేశాం. స్టార్టయ్యాక సైలెన్సర్ వెనక ఒక నిమిషం నిలబడి చూడండి. నీలం రంగు పొగ వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. అది పెద్ద ఖర్చు, వదిలెయ్యండి. పొద్దున్నే కాస్త తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే భయం లేదు.

మీటర్లో కిలోమీటర్లు ఎంత చూపించినా నమ్మకండి. కాళ్లు పెట్టే రబ్బర్లు, హ్యాండిల్ పట్టుకునే రబ్బర్లు, సీటు అంచు... ఇవి అబద్ధం చెప్పవు. 12 వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి కాలు రబ్బరు నున్నగా అరిగిపోతే ఏమిటర్థం? చైను తిరిగే పళ్ల చక్రం చూడండి, పళ్లు రంపంలా మొనదేలితే చైనూ చక్రాలూ సెట్టంతా మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు బాగానే కనిపించినా ఆరేడేళ్ల టైరు గట్టిపడిపోయి తడిలో జారుతుంది. ముందు షాకప్ గొట్టాల మీద వేలితో రాసి చూడండి, వేలికి ఆయిల్ అంటితే సీలు పోయినట్టు. బ్రేకు, క్లచ్ లివర్ల కొసలు, హ్యాండిల్ చివరలు గీసుకుపోయి ఉంటే బండి పడిందని అర్థం. పడ్డంత మాత్రాన వద్దనుకోకండి, పడని బండి ఎక్కడుంది? ముందు చక్రం ఎత్తి పట్టించి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో పట్టేయకూడదు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోనిస్తే ఒక పక్కకు లాగకూడదు. ఇవి రెండూ సరిగా ఉంటే చాలా మటుకు పర్వాలేదని మా మెకానిక్ అన్నాడు. ఈ చూపులకు ఆయన్ని వెంటబెట్టుకెళ్లాం. బండికి 300 ఇచ్చాను. కాఫీ ఖర్చు వేరే!

విజయవాడలో చూసిన బండి సంగతి మీకు చెప్పి తీరాలి. తళతళ మెరుస్తోంది, ధర చూస్తే తోటి బళ్లకంటే పది వేలు తక్కువ. మావాడి మొహం వెలిగిపోయింది. మెకానిక్ మాత్రం ఏమీ మాట్లాడకుండా సీటు తీయించాడు. వైర్ల కట్ట సందుల్లో, బ్యాటరీ కింద సన్నటి ఎండిన ఒండ్రు. హెడ్‌లైటు అద్దం లోపలి వైపు నీటి గీత. లోపలి స్క్రూలన్నీ తుప్పు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి కదా, అప్పుడు ఎన్ని వేల బళ్లు మునిగాయో మనం చూశాం. వాటిలో చాలా బళ్లు బాగుచేసి నడుపుకుంటున్నవే, తప్పు లేదు. కానీ ఆ సంగతి దాచి అమ్మితే? అమ్మే అబ్బాయిని మెల్లగా అడిగాను, "బాబూ, నీళ్లలో ఉందా?" అని. తల వంచుకున్నాడు. "ఇంట్లో సామానంతా పోయింది ఆంటీ, ఇదైనా అమ్ముకుందామని" అన్నాడు. కడుపు తరుక్కుపోయింది. అయినా కొనలేదండీ. నీరు తాగిన వైర్లు ఏ అర్ధరాత్రి నడిరోడ్డు మీద మొరాయిస్తాయో ఎవరికి తెలుసు? ఆ రోడ్డు మీద నిలబడేది నా కొడుకు.

చివరికి కుదిరింది 2019 నాటి యమహా ఎఫ్‌జెడ్. 149 సీసీ, ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. అమ్మినాయన బ్యాంకు ఉద్యోగి, వేరే ఊరికి బదిలీ అయింది. సర్వీసు చీటీలన్నీ ఫైల్లో పెట్టి చూపించాడు. చీటీలు దాచే మగవాణ్ని చూస్తే నాకు సగం నమ్మకం వచ్చేసింది! 62 చెప్పాడు. వెనక టైరూ, చైనూ అరిగాయని చూపించి 56కి తెగ్గొట్టాం.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ... కాగితాలు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చెక్కినవాటితో అంకె అంకె సరిచూసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్సు వివరాలు వస్తాయి. చలానాలు ఎన్ని బాకీ ఉన్నాయో కూడా చూసుకుని, అవి అమ్మేవాళ్ల చేతే కట్టించండి. ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరుంటే ఆ అప్పు తీరినట్టు కంపెనీ ఇచ్చిన పత్రం, ఫారం 35 ఉండాలి. "అప్పు ఎప్పుడో తీరిపోయిందండీ" అన్న మాట చాలదు. తీరినా పేరు తీయించకపోతే బండి మీ పేరున మారదు. హైదరాబాద్‌లో చవకగా దొరుకుతున్నాయని ఎవరో చెప్తారు. తెలంగాణ బండి తెచ్చుకుంటే అక్కణ్నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్సు కట్టాలి. చవక కాస్తా అందులో కరిగిపోతుంది.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి చేతులు దులుపుకోవడం చాలామందికి అలవాటు. పేరు మార్చడం "తర్వాత చూద్దాం" అంటారు. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో ఆఫీసుకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లో చెప్పాలి. కొనేవాళ్లకే కాదు, అమ్మేవాళ్లకూ ఇది ముఖ్యం సుమండీ! 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత వారిదేనని. మీ వారి పాత స్కూటరు ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ రోజే ఆ పేరు ఎవరిదో చూసుకోండి.

ఇంకో మాట, 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండితో ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరిగా వస్తోంది. 2019 బండికి ఆ గడువు 2024తోనే అయిపోయింది. కాబట్టి మేం మళ్లీ కట్టుకున్నాం, నడిపేవాడికి 15 లక్షల ప్రమాద బీమాతో కలిపి 1,300 అయింది. చైను సెట్టు, బ్రేకు ప్యాడ్లు, ఆయిలు అన్నీ కలిపి 4,200. వెనక టైరు 2,800. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు, 2,900. ఆఫీసు ఫీజులూ జిరాక్సులూ వెయ్యి దాకా. కూడి చూసుకోండి, 68,200.

రెండో హెల్మెట్ ఎవరికమ్మా అన్నాడు మావాడు. నాకే! వెనక కూర్చునేవాళ్లకూ తప్పనిసరే కదా. అయితే తీరా కూర్చోబోతే బండికి చీర గార్డు లేదు. కుర్రాళ్లు అందం తగ్గుతుందని ఊడదీసి పడేస్తారట. ఆ బ్యాంకాయన కంటే ముందు ఎవరైనా తీశారేమో అడిగితే, తనే తీసేశానని నవ్వాడు, అప్పటికి పెళ్లి కాలేదట! కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదివితే, వెనక కూర్చున్నవారు పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆనిక, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు... మూడూ ఉండి తీరాలని రాసుంది. మీ చీరె కొంగు, మీ అమ్మాయి చున్నీ గుర్తుంచుకుని మీరూ అడగండి. మేం 650 పెట్టి గార్డు బిగించుకున్నాం.

మొన్న ఆదివారం మా వారు పెరట్లోంచి వచ్చి బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, కొత్త టైరు మీద అంకెలు చదువుతూ నిలబడ్డారు. "ఇదేమిటి, 23 అంటే వారమా?" అని అడిగారు. నేనే చెప్పాను.