పప్పు లేని ముద్ద

మా పరుచూరు వైపు ఇళ్ళలో పసిపిల్లను ముద్దు చేయడమంటే ముద్ద పెట్టడమే. ముద్దపప్పు, నెయ్యి, పత్తిగింజలు మేసిన గేదె గడ్డపెరుగు! అలాంటి ఇంట్లో పప్పుకూ పెరుగుకూ దూరంగా ఉండవలసిన మనమరాలు పుట్టింది.

జబ్బు పేరు ఫినైల్‌కీటోన్యూరియా. మాంసకృత్తుల్లో ఫినైల్‌అలనైన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని మార్చుకునే శక్తి ఈ పిల్లల కాలేయానికి చాలదు. అది నెత్తుట్లో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. పుట్టిన మూడోనాడు మడమ పొడిచి, కాగితం మీద అద్దిన నాలుగు నెత్తుటి బొట్లే మా పిల్ల జబ్బు బయటపెట్టాయి.

మా కోడలు నా అన్నగారి కూతురే. ఇంకేం, మేనరికాన్ని తిట్టేవాళ్ళు కొందరు, వంశాలు తవ్వేవాళ్ళు కొందరు! తల్లీ తండ్రీ ఇద్దరూ తమకు తెలియకుండానే ఆ లోపం మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో అలాంటి ఇద్దరు కలవడం ఎక్కువ. అంతేగాని తప్పు ఎవరిదీ కాదు.

1934లో నార్వే డాక్టరు ఫోలింగ్ ఈ జబ్బును కనిపెట్టాడు. ఆ పదార్థాన్ని తగ్గించిన ఆహారంతో ఒక పాపకు మేలు జరిగిందని ఇంగ్లండులో బికెల్, ఆయన సహచరులు 1953లో ప్రకటించారు. మా పిల్ల తాగే పొడి ఆ వరుసలోదే. పప్పూ పాలూ ఇవ్వవలసిన బలం అందులో ఉంటుంది, ఆ ఒక్క పదార్థం తప్ప. వాసనకు మాత్రం ముక్కు మూసుకోవలసిందే! రోజుకు మూడుసార్లు తాగాలి. అన్నం తూచి పెట్టాలి. సగ్గుబియ్యం, పండ్లు, కూరగాయలు ఆదుకుంటాయి. ఎదగడానికి ఆ పదార్థమూ కొంచెం కావాలి గనుక, అదీ లెక్కతోనే.

"ఒక్క గరిటెడు పప్పుకి ఏమవుతుందే?" అంటారు చుట్టాలు. వాళ్ళది ప్రేమే. కాని వచ్చిన ప్రతివారూ ఒక్కో గరిటె ప్రేమ చూపిస్తే పిల్ల ఏమైపోను? అందుకే పండు చేతికిచ్చి పెట్టమంటాను.

మొన్న ఒంగోలు నుంచి వచ్చిన మా ఆడబడుచు, "నీ పప్పన్నం ఎప్పుడే?" అని ఏడేళ్ళ పిల్లను వేళాకోళమాడింది.

"పప్పు నువ్వు తిను మామ్మా, నాకు అన్నం తూచి పెట్టు" అంది మా పిల్ల.

అందరం నవ్వాం. కాని ఈ పథ్యం జీవితాంతం ఉండాలి. తల్లి కాబోయే ముందునుంచే మరింత గట్టిగా పాటించాలి, లేకపోతే కడుపులో బిడ్డకు ముప్పు. అత్తవారికి ముందే చెప్పి చేస్తాం. సారెలో చలిమిడి పక్కన చిన్న తక్కెడ కూడా పెడతాం.